పిల్లిపిల్లకు పిడికెడు ఉప్పు

మొన్న ఆదివారం వీడియో ఫోనులో మీలో పెద్దది అడిగింది కదా, "అవ్వా, పిల్లి చెవి కొన ఏమైంది?" అని. తలుపు సందులో పడిందన్నాను. చిన్నవాడు వెంటనే, "నొప్పి పుట్టిందా అవ్వా?" అన్నాడు. లేదులే నాయనా అన్నాను. ఫోను పెట్టేశాక మీ తాత నా వైపు ఒక చూపు చూసి, "తలుపు సందా! బాగానే సెప్పినావు" అని మగ్గాల షెడ్డులోకి వెళ్లిపోయాడు.

అది అబద్ధం. ముఖం చూస్తూ నిజం చెప్పలేక చెప్పిన అబద్ధం. అట్లాంటివి ఈ మధ్య నేనూ చాలా విన్నాను కాబట్టి, ఎట్లా ఉంటాయో నాకు తెలుసు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మీ అమ్మ చదివి వినిపిస్తుంది. మధ్యలో అడ్డం పడకుండా చివరిదాకా వినండి.

చెవి కొనను తిరుపతిలో డాక్టరమ్మ కత్తిరించింది. పిల్లికి ఇంక పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, చేసినట్టు గుర్తుగా అంత ముక్క తీసింది. గుర్తు లేకపోతే, గడప దాటి తిరిగే పిల్లి కదా, ఎప్పుడైనా ఎవరైనా మళ్లీ పట్టుకొచ్చి మళ్లీ కడుపు కోస్తారట. మత్తులో ఉండగానే తీశారు కాబట్టి నొప్పి తెలియలేదు. ఆ మాట వరకు నేను చెప్పింది నిజమే.

అసలు సంగతి చెవి కాదు. కిందటి వేసవిలో మీరు అట్టపెట్టెలో పెట్టుకుని పెంచిన తెల్లకాళ్ల పిల్ల గుర్తుందా? దాని సంగతి.

మీ ఊళ్లో పిల్లిని ముద్దుకు పెంచుతారేమో. మన నగరిలో, మన వీధిలో, పిల్లి కూడా పని చేసే మనిషే. పడుగు నూలుకు గంజి పట్టిస్తాం కదా, ఆ వాసనకు ఎలుకలు వస్తాయి. అవి నూలు కొరికితే ఎన్ని పోగులు తెగాయో వెతికి అతుకు వేసేసరికి ఒక పూట పోతుంది. మన పిల్లి వచ్చిన నాటినుంచి మన షెడ్డులో ఒక్క పోగు తెగలేదు. మగ్గాలు నాలుగూ ఒక్కసారిగా ఆడుతున్నా, ఆ చప్పుడులో మగ్గం బీము కింద పడుకుని నిద్రపోయేది. కరెంటు పోయి మగ్గాలు ఆగితే మాత్రం ఉలిక్కిపడి లేచేది.

అయితే అది ఈనుతూనే ఉండేది. ఒక ఈత పిల్లలు కళ్లు తెరిచి తిరగడం మొదలుపెట్టేసరికి మళ్లీ కడుపు. పిల్లలను ఏం చెయ్యాలన్నది ప్రతిసారీ వచ్చే బాధ. పక్కింటి ఆమె లేకపోతే నేను ఏమైపోయేదాన్నో. ఆమె మీకు తెలుసు, మీ జేబుల్లో వేరుశెనక్కాయలు పోసే ఆమె. మాకు చుట్టరికమేం లేదు. నలభై ఏళ్లుగా నేను ఆమెను వదినా అంటాను, ఆమె నన్ను వదినా అంటుంది. మీ అమ్మ పుట్టినప్పుడు నాకు పథ్యం వండి పెట్టింది ఆమే.

ఆమె వారానికోసారి నూలుకు పుత్తూరు వెళ్లేది. "మగ్గాలుండే ఇండ్లు నాకు తెలవవా వదినా? నీ పిల్లి పిల్లలంటే కండ్లకద్దుకోని తీసుకుంటారు" అని గోతం సంచిలో వేసుకుని వెళ్లేది. సంచి మూతి కట్టడం ఎందుకంటే, దారి చూస్తే పిల్లి వెనక్కి వచ్చేస్తుందని.

పిల్లిని ఇవ్వడానికి మా అత్త నేర్పిన పద్ధతులు రెండున్నాయి. ఒకటి, పిల్లిని ఊరికే తీసుకోకూడదు, డబ్బుకూ తీసుకోకూడదు. తీసుకున్న ఇంటివాళ్లు పిడికెడు రాళ్లుప్పు పంపాలి. ఆ ఉప్పును ఇచ్చినవాళ్లు తమ జాడీలో కలుపుకోవాలి. ఆ ఉప్పుతో వండుకుని తింటే, ఆ పిల్లి ఇక ఆ ఇంటిది, వాళ్లు దాన్ని వెళ్లగొట్టకూడదు. రెండోది, ఇచ్చిన పిల్లిని మళ్లీ చూడబోకూడదు. చూడబోతే అది మన వెంట వచ్చేస్తుంది, ఆ ఇంట్లో నిలవదు.

నాలుగు ఈతల పిల్లలు అట్లా వెళ్లాయి. ప్రతిసారీ సాయంత్రం వదిన పేపరు పొట్లాలు తెచ్చి నా గడపలో పెట్టేది. పిల్లకొక పొట్లం. "ఇది పుత్తూరు ఇంటిది. ఆ యమ్మ ఎంత సంబరపడిందో!" "ఇది నారాయణవనం. దీనికి పాలు ఏరే గిన్నె." నేను తల ఊపేదాన్ని. పొట్లాలు విప్పి జాడీలో పోసుకునేదాన్ని. మీ తెల్లకాళ్ల పిల్లకు కార్వేటినగరం నుంచి వచ్చింది ఉప్పు. కోట వెనక ఇల్లు, నాలుగు మగ్గాలు, ఇద్దరు ఆడపిల్లలు. మీరు ఫోనులో అడిగిన ప్రతిసారీ ఆ ఇద్దరు ఆడపిల్లల సంగతి నేను మీకు చెప్పాను. వాళ్లు దాన్ని దూలం మీదినుంచి దించడానికి బొంగుకు గుడ్డ కట్టి ఊపుతారని చెప్పాను కదా, అది వదిన నాకు చెప్పిన మాటే.

ఈ ఏడాది అది మళ్లీ ఈని, పిల్లలు రెండూ రెండో రోజే పోయి, తల్లి ఒట్టి ఎముకలైంది. అప్పుడు అనిపించింది, ఇంక చాలు అని. మన ఊళ్లో ప్రైవేటు డాక్టరును అడిగితే ఆయన చెప్పిన ఖర్చుకు మీ తాత నవ్వాడు. "ఆ దుడ్డుకి నీకు రెండు సీరలొస్తాయి. పిల్లికి కూడా ఒగటొస్తాది." ఆ తర్వాత మనకు పాలు పోసే ఆమె చెప్పింది, తిరుపతిలో పేదవాళ్ల పిల్లులకూ కుక్కలకూ తక్కువలో చేసే చోటు ఉందని. చీటీకీ మందులకూ ఇస్తే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారని. "పిల్లికి ఫ్యామిలీ ప్లానింగా!" అని మీ తాత రెండు రోజులు వీధంతా చెప్పుకుని నవ్వాడు. మూడో రోజు తనే బస్సు వేళలు కనుక్కొచ్చాడు.

ముందు పేరు రాయించుకోవాలి. పిల్లిని తీసుకుని ఒక్కదాన్నే వెళ్లాను. అక్కడ ఎన్ని పిల్లులో! పూలమ్మే ఆమె పూలబుట్టలో కనకాంబరాల మధ్య పెట్టుకుని తెచ్చింది. ఒక ఆటో ఆయన చొక్కాలోపల పెట్టుకుని పైన బొత్తాలు పెట్టుకున్నాడు, తల మాత్రం బయటికి. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, మాట మెత్తన. మన పిల్లి పొట్ట తడిమి, కడుపు కట్టలేదని చెప్పి, వచ్చే వారానికి రాసుకుంది. ముందు పూటనుంచి తిండి పెట్టొద్దంది. తర్వాత అడిగింది.

"దీని పిల్లలు ఎక్కడున్నాయమ్మా?"

"అన్నీ మంచి ఇండ్లలోనే ఉండాయమ్మా" అన్నాను. ఆ మాట ఎంత గొప్పగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

"అయితే ఆడవాటిని కూడా తీసుకురండి. ఇదే ఖర్చులో వాటికీ చేస్తాం. తల్లికి చేసి కూతుళ్లను వదిలేస్తే ఏం లాభం? వాటి పిల్లలను ఎవరో ఒకరు గోడవతల పారేస్తారు."

తిరుగు బస్సులో ఆ మాటే నమిలాను. ఇచ్చిన పిల్లిని చూడబోకూడదు. కానీ ఇది చూడటానికి కాదు కదా, దాని మేలుకు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. వదినకు చెబితే "ఒద్దు, వెనక్కొచ్చేస్తాయి" అంటుందని చెప్పకుండా మరునాడు పుత్తూరు బస్సు ఎక్కాను.

పుత్తూరు ఇల్లు వెతకడం కష్టం కాలేదు. వదిన నూలు తెచ్చుకునే ఇల్లే అది. ఆ ఇంటి కోడలు కండెలు చుడుతూ కూర్చుని ఉంది.

"పిల్లులా? యా పిల్లులు పెద్దమ్మా?"

"మా వదిన తెచ్చిచ్చింది కదమ్మా. నూలుకు వస్తాది కదా, ఆమె. ఒగటి మూడు రంగులది, ఒగటి బూడిద రంగుది."

"ఆయమ్మ తెలుసు. పిల్లి మాట ఎప్పుడూ అనలేదే. మా అత్తకి ఆయాసం పెద్దమ్మా. పిల్లి బొచ్చు గాలికొస్తే సాలు, మంచం పట్టేస్తాది. ఈ ఇంట్లోకి పిల్లిని యాడ రానిస్తాం?"

"ఉప్పు పంపినారు కదా?"

"ఉప్పా?" అని ఆమె నన్ను కిందినుంచి పైకి చూసింది. లోపలికి వెళ్లి చెంబుతో మజ్జిగ తెచ్చింది. "ఎండలో వొచ్చినట్టుండావు. ముందు ఇది తాగు. కూసో."

తాగాను. మజ్జిగలో ఉప్పు ఎక్కువైందో, నా నోరే అట్లా అయిందో తెలియలేదు.

అక్కడినుంచి కార్వేటినగరం వెళ్లాను. ఇది పొరపాటైనా అది నిజమై ఉంటుందని. ఆ ఇంటి సంగతి నేను మీకు చెప్పేశాను కదా, అది నిజం కావాలి. కోట వెనక సందులన్నీ తిరిగాను. ఇడ్లీలు అమ్మే ఒక ముసలామె అడిగింది, ఎవరి కోసం అని. నాలుగు మగ్గాల ఇల్లు అన్నాను. "ఈ వరసలో మగ్గాలు ఎత్తేసి ఎన్నేండ్లాయె! ఎవరు సెప్పినారు తల్లీ నీకు?" అంది.

నారాయణవనం వెళ్లే ధైర్యం లేకపోయింది. ఇంటికి వచ్చేశాను.

వంటింట్లోకి వెళ్లి ఉప్పుజాడీ దించాను. పెరట్లో పారబోద్దామని ఎత్తాను. మీ తాత వాకిట్లో నిలబడి, "ఏమైంది? చెమ్మ పట్టినాదా?" అన్నాడు. జరిగింది చెప్పాను. ఆయన కాసేపు తల గోక్కుని, "ఉప్పు మంచిదే కదా, ఎందుకు పారబోయడం?" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. ఉప్పు మంచిదే. ఆ ఉప్పుతోనే మీకు పులగం వండాను, ఆ ఉప్పుతోనే పండగకు దేవుడికి నైవేద్యం వండాను. ఏ పొట్లం ఏ పిల్లదో జాడీలో కలిశాక ఎట్లా విడదీస్తాను?

వదినను వెంటనే అడగలేదు. నలభై ఏళ్లుగా తెలిసిన మనిషిని ఏమని అడగాలో మాట దొరకలేదు. ఆమెకు ఒక దారి వదులుదామని మరునాడు, ఇద్దరం వాకిట్లో చిక్కుళ్లు ఒలుస్తుంటే, మామూలుగానే అన్నాను.

"కార్వేటినగరంలో తెల్లకాళ్లది ఎట్లుండాది వదినా?"

ఆమె చెయ్యి ఆగలేదు. "దానికేం వదినా! లావైపోయింది. ఆ పిల్లోళ్లు దానికి కాటిక గూడా పెడతారంట. దిష్టి తగులుతుందని!" అని నవ్వింది.

ఆ కాటుక నన్ను కోసేసింది పిల్లలూ. ఇల్లు లేదు, పిల్లలు లేరు. కాటుక మాత్రం ఉంది. అబద్ధం చెప్పినందుకంటే అంత ముద్దుగా చెప్పినందుకు ఎక్కువ బాధేసింది. ఏ మాట వింటే నా ముఖం వికసిస్తుందో నలభై ఏళ్లలో నేర్చుకున్న మనిషి, ఆ నేర్పంతా నా మీదే వాడింది. నేను చిక్కుళ్లు ఒలుస్తూ, అలవాటుగా, తల ఊపాను.

ఆపరేషను రోజు పొద్దున సంచి తెచ్చాను. గోతం సంచి, ఎప్పుడూ వాడేదే. దాన్ని చూడగానే మన పిల్లి బీము కిందినుంచి దూకి, గోడ ఎక్కి, పక్కింట్లోకి దూరింది. బస్సుకు వేళవుతోంది. తప్పిపోతే మళ్లీ ఎప్పటికి దొరుకుతుందో ఆ రోజు. ఈలోగా మళ్లీ కడుపు కడితే ఈసారి అది బతకదని డాక్టరమ్మ చెప్పింది. వదిన ఇంటి ముందు నిలబడి సంచి పట్టుకుని పిలిచాను. అటక మీదినుంచి రెండు కళ్లు నన్ను చూస్తున్నాయి, కిందికి రావడం లేదు.

వదిన లోపలినుంచి వచ్చింది. నన్ను చూసింది, నా చేతిలోని సంచిని చూసింది.

"సంచి ఒద్దు వదినా" అంది. "దానికి ఆ సంచి తెలుసు."

అంతే అంది. అని, నా ముఖం చూసింది. నాకు తెలిసిపోయిందని ఆమెకూ తెలిసింది. ఆమె నూలు కండెల బుట్ట ఖాళీ చేసి, అందులో పాత చీర పరిచి, అటక కింద పెట్టి కూర్చుంది. "రా తల్లీ" అంది. అది వచ్చింది. నేను పాలు పోసి పెంచిన పిల్లి, నన్ను దాటుకుని వెళ్లి ఆమె బుట్టలో కూర్చుంది. తన పిల్లలను ఎత్తుకుపోయిన చేతులు అవే అని దానికి తెలియదు. సంచిని గుర్తుపట్టింది కానీ మనిషిని గుర్తుపట్టలేదు.

"నేనూ వస్తా. నీ ఒళ్లో ఉండదు అది" అంది. కాదనడానికి లేదు.

బస్సులో బుట్ట ఆమె ఒళ్లో, నేను కిటికీ పక్కన. బస్సు వడమాలపేట దాటింది. కండక్టరు, "ఏం పెద్దమ్మా, పిల్లిని కొండకు తీసుకుపోతుండారా, గుండు కొట్టించేదానికి?" అంటే బస్సంతా నవ్వారు. మేమిద్దరం నవ్వలేదు.

డాక్టరమ్మ పిల్లిని లోపలికి తీసుకెళ్లింది. వెళ్తూ అడిగింది, "కూతుళ్లను తెమ్మన్నాను కదమ్మా?" అని. నేను వదిన వైపు చూశాను. ఆమె నేల చూసింది. "దొరకలేదమ్మా" అన్నాను.

బయట సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. వదినే మొదలుపెట్టింది.

"మొదటి ఈతవి నిజంగానే ఇచ్చినా వదినా. నారాయణవనంలో. ఆ ఉప్పు వాళ్లిచ్చిందే. రెండు నెల్లకు వాళ్లే తెచ్చి నా ముందర పడేసినారు, ఆడపిల్లులు మాకొద్దు, ఇల్లంతా ఈనుతాయని. నీకేం సెప్పను? నువ్వు ఆ పూట ఆ ఉప్పుతోనే వండిన పులుసు నాకు గిన్నెలో పెట్టి పంపినావు."

"ఆటిని ఏం జేసినావు?"

"పుత్తూరులో బియ్యం మిల్లు కాడ ఇడిసినా. ఎలకలుంటాయి గదా, బతుకుతాయిలే అని. ఆ తర్వాతవన్నీ ఆడనే."

"తెల్లకాళ్లది?"

"ఆడనే."

"మళ్లీ సూసినావా?"

ఆమె కొంగు సర్దుకుంది. "ఇచ్చిన పిల్లిని సూడబోగూడదు గదా వదినా" అంది.

నాకు ఒళ్లు మండింది. "నువ్వు ఇచ్చినావా? పారేసినావు! సెప్పుంటే నేనే పెట్టుకునేదాన్ని కదా!"

"పద్నాలుగు పిల్లుల్నా?" అంది ఆమె, మొదటిసారి గొంతు పెంచి. "యాడ పెడతావు? సెప్పు. నువ్వు పిల్లల్ని సంచిలో ఏసి నాకిచ్చేటప్పుడు ఏనాడన్నా ఇల్లు యాడ, మనుషులెట్లాంటోళ్లని అడిగినావా? నీకు పొట్లం కావాల. అది చూసి నిమ్మళంగా తలూపాల. ఊపినావు. నేను తెచ్చినా. ఉప్పు నాదే. నా ఇంట్లో ఉప్పు అయిపోయినా పొట్లం కట్టి తెచ్చినా."

ఆమె మోసం చేసింది, అది మోసమే. నేను అడగలేదు, అదీ నిజమే. కానీ ఒకటి ఇంకోదాన్ని కడిగెయ్యదు. వీధిలో ఎవరు ఏమన్నా నేను వెళ్లి కూర్చునేది ఆమె గడపలోనే. ఆ గడపలో ఇప్పుడు ఎక్కడ కూర్చోవాలో నాకు తెలియలేదు.

మధ్యాహ్నానికి పిల్లిని ఇచ్చారు. కడుపు మీద చిన్న కుట్టు, చెవి కొన లేదు. ముద్దలాగా ఉంది, నాలుక కొంచెం బయటికి వచ్చి. వదిన తన కొంగుతో దాని నోరు తుడిచింది. నేను చూస్తూ ఉన్నాను. దాన్ని లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. ఒళ్లు కదిపితే కుట్టు ఊడుతుందన్నారు.

తిరుగు దారిలో పుత్తూరులో దిగాను. వదిన బుట్టతో ఇంటికి వెళ్లింది. బియ్యం మిల్లు దగ్గర కాపలా మనిషిని అడిగాను, తెల్లకాళ్ల పిల్లిని చూశావా అని. "పిల్లులు వస్తాయి, పోతాయి పెద్దమ్మా. లారీలు తిరుగుతుంటాయి. యాదని గుర్తు పెట్టుకుంటాం?" అన్నాడు. తవుడు కుప్పల వెనక, గోడ పొడుగునా పిలుస్తూ తిరిగాను. మీరు పిలిచినట్టే, "బిస్సీ బిస్సీ" అని. రెండు పిల్లులు వచ్చాయి. ఒకటి మూడు రంగులది, కడుపుతో ఉంది. మన పిల్లి మనవరాలో, కూతురో, ఎవరిదో. తెల్లకాళ్లది రాలేదు.

ఆ మూడు రంగులదానికి ఈనడం అయ్యాక, పిల్లలు పాలు మానాక, తిరుపతి తీసుకెళ్లాలి. డాక్టరమ్మకు చెప్పాను. చేస్తానంది. అంతవరకు వారానికోసారి మిల్లుకు వెళ్లి దానికి చేపల తలకాయలు పెట్టి వస్తున్నాను. వదిన కూడా నూలుకు అదే బస్సులో వస్తుంది. ఒకే బస్సులో వెళ్తాం. ఆమె ముందు సీట్లో, నేను వెనక సీట్లో.

మన పిల్లి బాగుంది. కుట్లు మానాయి. ఒళ్లు చేసింది. కానీ ఇప్పటికీ గోతం సంచి ఎక్కడ కనబడినా బీము కిందికి దూరుతుంది, ఆ సంచిలో నూలే ఉన్నా సరే. దానికి అదొక్కటి చెప్పలేకపోతున్నాను, ఇంక నీ పిల్లల్ని ఎవరూ తీసుకుపోరు అని.

మీ తెల్లకాళ్ల పిల్ల ఎక్కడుందో నాకు తెలియదు పిల్లలూ. ఇల్లు లేదు, ఇద్దరు ఆడపిల్లలు లేరు, బొంగుకు కట్టిన గుడ్డ లేదు. నేను మీకు చెప్పినవన్నీ నాకు చెప్పినవే, కానీ మీకు చెప్పింది నేనే కదా.

వేసవికి మీరు వచ్చినప్పుడు వదిన మీ జేబుల్లో వేరుశెనక్కాయలు పోస్తుంది. పొయ్యనివ్వండి. మీరు అడగకముందే, "తెల్లకాళ్లది బాగుండాదిలే నాయనా" అంటుంది, మీ ముఖం చూసి. నాకు ఆమె తెలుసు, తప్పక అంటుంది. అప్పుడు మీరు ఏమన్నా అనండి, ఏమీ అనకపోయినా సరే. తల మాత్రం ఊపకండి.